కొత్త విమానం కంటే ముందు టైంటేబుల్

చిరంజీవి కార్తీక్‌కి మావయ్య ఆశీస్సులు.

ఎయిర్‌లైన్‌సిమ్ అనే ఆన్‌లైన్ ఆటలో నువ్వు నడుపుతున్న విమానాల కంపెనీ గురించి పంపిన స్క్రీన్‌షాట్లన్నీ పెద్దవి చేసుకుని చూశాను. నాలుగు చిన్న ఏటీఆర్ 72 విమానాలతో శంషాబాద్ నుంచి ఇంతవరకు లాక్కొచ్చావంటే అది చిన్న పనేం కాదు. ఎయిర్‌లైన్‌సిమ్‌లో ఉత్సాహంగా కంపెనీ పెట్టి, నెల తిరక్కుండానే దివాలా తీసి వెళ్లిపోయినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఇప్పుడు నువ్వు వాటికంటే పెద్దవైన ఏ320 జెట్ విమానాలు రెండు లీజుకి తీసుకుని ఢిల్లీ రూట్ మొదలుపెడతానంటున్నావు. ఇప్పుడే వద్దు నాన్నా. ఎందుకు వద్దో, దానికి ముందు ఏం చెయ్యాలో రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు డబ్బు సంగతి. నువ్వు లాభం చూపించే పేజీ పంపి "చూడు మావయ్యా, ప్రతివారం మిగులే" అన్నావు. సంతోషమే. కానీ జీతాలూ అద్దెలూ కట్టేది లాభంలోంచి కాదు, ఆ రోజు ఖాతాలో ఉన్న రొక్కంలోంచి. కాబట్టి నేను ముందు చూసే లెక్క వేరు. ఒక్క టికెట్టు కూడా అమ్ముడుపోకపోతే ఈ కంపెనీ ఎన్ని వారాలు నిలబడుతుంది? నీ నాలుగు ఏటీఆర్‌ల అద్దె ఒక్కోదానికి వారానికి 28,000 చొప్పున 1,12,000. జీతాలు, ఆఫీసు ఖర్చులు 88,000. మొత్తం 2 లక్షలు. విమానం ఎగిరినా ఎగరకపోయినా ఇది కట్టాల్సిందే. చేతిలో 9 లక్షలున్నాయి, అంటే నాలుగున్నర వారాలు. ప్రస్తుతానికి పరవాలేదు.

ఇప్పుడు రెండు ఏ320లు తెచ్చావనుకో. డిపాజిట్ ఒక్కోదానికి 2 లక్షలు, 4 లక్షలు ఆ రోజే పోతాయి. అద్దె వారానికి ఒక్కోదానికి 60,000, కొత్త పైలట్లకీ సిబ్బందికీ ఇంకో 30,000. వారపు ఖర్చు 3.5 లక్షలకి చేరుతుంది, ఖాతాలో 5 లక్షలే ఉంటాయి. నాలుగున్నర వారాల దన్ను పది రోజులకి పడిపోయింది, చూశావా? అమ్మకాలు పూర్తిగా ఎందుకు ఆగిపోతాయి అంటావు. ఆగవు. కానీ ఇంధనం ధర పెరగొచ్చు, నీ రూట్లోకే ఇంకొకడు పెద్ద విమానంతో దిగొచ్చు. పైగా కొత్త రూట్ మొదటిరోజు నుంచే నిండదు. షెడ్యూల్ పెట్టాక బుకింగ్‌కి గడువు కావాలి, ఆ తర్వాత సీట్లు కొద్దికొద్దిగా నిండుతాయి. అద్దె మాత్రం విమానం చేతికొచ్చిన దగ్గర్నుంచే నడుస్తుంది. మునిగేవాళ్లు ఈ మధ్యకాలంలోనే మునుగుతారు, అది కూడా పేజీలో లాభం కనిపిస్తుండగానే.

నా కాలంలో ఆడిన ఏరోబిజ్ అనే పాత వీడియో గేమ్‌లో ఒక్కో వంతుకి మూడు నెలలు గడిచేవి, లెక్క మూడు నెలలకోసారే తేలేది. నీ ఆటలో గంటంటే గంటే. నువ్వు నిద్రపోతున్నా డబ్బు కదులుతూనే ఉంటుంది. అందుకే ఆరు వారాల స్థిర ఖర్చు ఖాతాలో ఉండాలని పట్టుబడతాను. అప్పు దొరుకుతుంది కదా అనకు. వారం అద్దె కట్టడానికి తెచ్చిన అప్పుకి మళ్లీ వారం తిరిగేసరికి వడ్డీ కూడా తోడవుతుంది.

ఇక డబ్బు ఎక్కణ్ణుంచి రావాలి? నీ టైంటేబుల్లోనే ఉంది. మొదటి ఏటీఆర్ రోజు చూద్దాం. పొద్దున 6:00కి బయల్దేరి 7:00కి విజయవాడ, 7:25కి తిరిగి బయల్దేరి 8:25కి హైదరాబాద్. 8:55కి తిరుపతి బయల్దేరి 10:10కి అక్కడ, 10:35కి తిరుగుముఖం, 11:50కి ఇంటికి. బాగుంది. ఆ తర్వాత? సాయంత్రం 4:30 దాకా ఊరికే నిలబడి ఉంది! మళ్లీ విజయవాడ వెళ్లొచ్చేసరికి 6:55. నేను ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పద్దులు రాసినవాణ్ణి, లోడు లేక యార్డులో నిలబడ్డ లారీకి కూడా కిస్తీ కట్టక తప్పదని రోజూ చూసినవాణ్ణి. ఆ నాలుగు గంటల నలభై నిమిషాలు చూస్తే నాకు మనసొప్పలేదు.

12:20కి రాజమండ్రి పంపు. 1:30కి దిగుతుంది, 1:55కి లేస్తే 3:05కి వచ్చేస్తుంది. సాయంత్రం ట్రిప్పుకి ఇంకా గంటా ఇరవై ఐదు నిమిషాలు చేతిలో ఉంటాయి, ఎక్కడైనా ఆలస్యమైతే అక్కడ సర్దుకుంటుంది. రోజు అద్దె 4,000. ఇప్పుడు ఆరు సెక్టార్లు, అంటే ఒకవైపు ప్రయాణాలు, తిరుగుతోంది కాబట్టి ఒక్కోదాని మీద 667 పడుతోంది. ఎనిమిదైతే 500. రాజమండ్రి ట్రిప్పుకి అద్దె లెక్క వెయ్యకు, అది ఎలాగూ కడుతున్నావు. ఇంధనం, ల్యాండింగ్ చార్జీలు, హ్యాండ్లింగ్, ప్రయాణికుల మీద అయ్యే ఖర్చు, ఇవి మాత్రమే లెక్కెయ్యి. టికెట్ల డబ్బు వీటిని దాటి ఎంత వచ్చినా అంతా మిగులే. ఇవి కూడా రాకపోతే ఆ ట్రిప్పు వద్దు, విమానం నిలబడి ఉండటమే నయం.

ఇది ఆటలో కిటుకు కాదు, నిజంగా జరిగిందే. 1971లో టెక్సాస్‌లో మొదలైన సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ దగ్గర మరుసటి ఏడాదికి నాలుగు బోయింగ్ 737 విమానాలు ఉండేవి. డబ్బు కటకటై ఒకటి అమ్మేశారు. సర్వీసులు తగ్గించాలి కదా? తగ్గించలేదు. గేటు దగ్గర విమానం దిగి మళ్లీ బయల్దేరడానికి పది నిమిషాలే అని కట్టడి పెట్టుకుని, నాలుగు విమానాల టైంటేబుల్ మూడింటితో నడిపారు. ఆ పది నిమిషాలు ఇవాళ కుదరవు, నువ్వు ప్రయత్నించొద్దు కూడా. కానీ డబ్బు లేనప్పుడు వాళ్లు వెతుక్కున్నది టైంటేబుల్లో అన్నది గుర్తుపెట్టుకో.

అలాగని ప్రతి నిమిషం నింపెయ్యకు. షెడ్యూల్ పేజీలో మెయింటెనెన్స్ శాతం, అంటే మరమ్మతులకి కావాల్సిన టైములో ఎంత దొరుకుతోందో చెప్పే అంకె, 100 కంటే తగ్గనివ్వకు. తగ్గితే విమానం కండిషన్ మెల్లమెల్లగా దిగజారి, పైకి బాగానే ఉందనుకున్నది ఒకరోజు ఎదురుతిరుగుతుంది. నీ విమానం రాత్రి 6:55 నుంచి పొద్దున 6:00 దాకా నేల మీదే ఉంటుంది కాబట్టి రాజమండ్రి కలిపినా ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. పెట్టాక ఆ అంకె ఒకసారి చూసుకో.

నీ కంట పడని ఇంకో సంగతి పుణె విమానం. అది 8:10కి వెళ్లిపోతోంది, విజయవాడ విమానం దిగేది 8:25కి. విజయవాడ నుంచి పుణె వెళ్లాలనుకున్నవాడికి పదిహేను నిమిషాల తేడాతో నీ కంపెనీలో దారి లేదు. ఆ పుణె సర్వీసులో సగం సీట్లు ఖాళీగా ఉన్నాయని నువ్వే రాశావు, రేటు తగ్గించాలా అని అడిగావు. రేటు ముట్టుకోకు. బయల్దేరే టైము 9:20కి జరుపు. విజయవాడ వాళ్లకి 55 నిమిషాలు దొరుకుతాయి. నీ రెండో విమానం రాజమండ్రి నుంచి 8:30 లోపు వచ్చేలా చూస్తే వాళ్లూ ఎక్కుతారు. పుణె విమానం తిరుగు ప్రయాణం 70 నిమిషాలు ఆలస్యమవుతుంది, దాని మధ్యాహ్నం ట్రిప్పు కూడా అంతే జరపాల్సి వస్తుంది. అది కాగితం మీద గీసుకుని సర్దు. రెండువారాలు చూసి, అప్పటికీ నిండకపోతే అప్పుడు రేటు గురించి మాట్లాడుకుందాం.

ఒకే రకం విమానాలు ఉంచుకోవడం వల్ల పైలట్లు, మెయింటెనెన్స్ కలిసొస్తాయి, ఆ విషయంలో నువ్వు సరిగ్గానే ఉన్నావు. దానికి ఇంకో వైపు కూడా ఉంది, ఆ ఒక్క రకానికి ఏదైనా సమస్య వస్తే చాలా విమానాలు ఒకేసారి ఆగిపోతాయి. ఇంజిన్ల సమస్యతో దాదాపు సగం విమానాలు నేల మీద ఉండిపోయిన మన దేశపు విమాన సంస్థ గో ఫస్ట్ 2023 మే నెలలో సర్వీసులు ఆపేసింది. ఎగరని విమానానికీ అద్దె పడుతూనే ఉంటుంది. అందుకే ఆరు వారాల నిల్వ గురించి ఇంతలా చెబుతున్నాను.

ఏ320 అసలు వద్దని కాదు. రెండు వద్దు, ఒకటి చాలు. ఢిల్లీకి ఒకవైపు రెండుంపావు గంటలు, ప్రతిచోటా నలభై నిమిషాల విరామం అనుకుంటే, పొద్దున 5:30కి మొదలైన విమానం మూడుసార్లు వెళ్లి వచ్చి రాత్రి 10:20కి దిగుతుంది. మూడు సర్వీసులకీ ఢిల్లీలో స్లాట్లు, అంటే దిగడానికీ లేవడానికీ కేటాయించే టైములు, దొరుకుతాయో లేదో విమానం ఒప్పుకోకముందే చూసుకో. ఒక్క ఏ320తో నీ వారపు ఖర్చు 2.75 లక్షలు అవుతుంది. దానికి ఆరు వారాల నిల్వ 16.5 లక్షలు, డిపాజిట్ 2 లక్షలు. ఖాతాలో 18.5 లక్షలు కనిపించిన రోజు ఫోన్ చెయ్యి, కూర్చుని మాట్లాడుకుందాం.

ఆలోగా రాజమండ్రి ట్రిప్పు, పుణె మార్పు పెట్టి వచ్చే ఆదివారం కొత్త టైంటేబుల్ పంపు. మిగతా మూడు ఏటీఆర్‌ల రోజూ గంటలవారీగా రాసి పంపు, మొదటిది ఒక్కటే చూశాను. అక్కా బావగారినీ అడిగానని చెప్పు.

నీ మావయ్య