అద్దెలొచ్చే పాత ఇంటికి 1.60 కోట్లు చెబుతున్నారు, ఎంతకు అడగొచ్చు?

మీరు రాసింది: ఉప్పల్ వైపు 150 గజాలు, జీ ప్లస్ టూ, పైన పెంట్‌హౌస్, 18 ఏళ్ల కట్టడం, ఆరు పోర్షన్లు, మూడు కరెంటు మీటర్లు, నెలకు 58,000 అద్దె.

ముందు ఆ 58,000ని విడగొట్టండి. పోర్షన్‌కి 500 చొప్పున తీసుకునే మెయింటెనెన్స్ 3,000 మోటారు బిల్లుకీ, మెట్లు ఊడ్చే మనిషికీ సరిపోతుంది, అది అద్దెలోకి రాదు. పెంట్‌హౌస్ 7,000 కూడా తీసేయండి. మున్సిపాలిటీ ఒప్పుకున్న శాంక్షన్ ప్లానులో లేని గదికి బ్యాంకు విలువ కట్టదు, రేపు కూల్చమంటే ఆ ఖర్చూ మీదే. మిగిలింది 48,000. అదైనా నిజమో కాదో అదే గల్లీలోని టులెట్ బోర్డులకు నాలుగు ఫోన్లు చేస్తే తేలుతుంది. అద్దెకున్నవాళ్లను సాయంత్రం వెళ్లి అడిగితే ఫోన్‌పేలో పంపిన మొత్తం చూపిస్తారు. అగ్రిమెంటు కాగితాన్ని మాత్రం నమ్మకండి. అమ్మకానికి పెట్టాక బావమరిదిని దింపి ఎక్కువ అద్దె రాయించుకునే ఓనర్లున్నారు.

48,000 చొప్పున ఏడాదికి 5.76 లక్షలు. ఒక నెల ఖాళీ కింద 48,000 పోనివ్వండి. ఇంటి పన్ను, ఖాళీ అయినప్పుడల్లా సున్నాలు, ప్లంబింగు, ఎండాకాలం ట్యాంకర్లు కలిపి 80,000 వేసుకోండి. చేతికి మిగిలేది 4.48 లక్షలు. ధర మీద రిజిస్ట్రేషన్ 7.5 శాతం, అంటే 12 లక్షలు కలిపితే మీ పెట్టుబడి 1.72 కోట్లు. రాబడి 2.6 శాతం. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంతకన్నా నయం. కాబట్టి హైదరాబాద్‌లో అద్దె చూసి ధర కట్టడం కుదరదు, నేల చూసి కట్టాలి.

అంత వెడల్పు రోడ్డు మీదే ఈమధ్య అమ్ముడైన ఖాళీ ప్లాటు రేటు కనుక్కోండి. గజం 70,000 అనుకుంటే నేల 1.05 కోట్లు. ప్లానులో ఉన్న 2,700 అడుగులకు ఇవాళ్టి కట్టుబడి 2,000 చొప్పున 54 లక్షలు. ఏడాదికి ఒకటిన్నర శాతం తరుగు, 18 ఏళ్లకు 27 శాతం పోతే 39 లక్షలు. మొత్తం 1.44 కోట్లు. బాత్రూముల కింద సీలింగుకు చెమ్మ, పెచ్చులూడి తేలిన ఇనుము కనిపిస్తే అయిదు లక్షలు కొట్టేయండి.

ఇక మీటర్లు. ఆరు కుటుంబాలు మూడు మీటర్ల మీదుంటే యూనిట్లు కలిసిపోయి పై స్లాబులో పడతాయి, సబ్ మీటరు రీడింగు దగ్గర ప్రతి నెలా పంచాయితీ. 2024 మార్చిలో గృహజ్యోతి, అంటే ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం వచ్చాక ఇది మరీ ముదిరింది. తెల్లకార్డున్నవాళ్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు కదా, మీటరు విడిగా లేదంటే పక్క గల్లీకి పోతారు, లేదా అద్దె తగ్గించమంటారు. ఖాళీ నెలలు పెరిగేది ఇక్కడే. ఈశాన్యం గురించి అరగంట చెప్పే బ్రోకరు మీటర్లెన్నని అడిగితే ఫోన్ చూసుకుంటాడు.

అడగడం 1.28 దగ్గర మొదలెట్టండి, 1.38 దాటొద్దు. అద్దెకున్నవాళ్లు కట్టిన రెండేసి నెలల అడ్వాన్సు రేపు తిరిగివ్వాల్సింది మీరే. దాన్ని ధరలోంచి తగ్గించినట్టు అమ్మకం అగ్రిమెంటులో పోర్షన్ల వారీగా రాయించండి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీడీఎస్, అంటే ఓనరు ఆదాయపన్ను కింద ముందే పట్టే సొమ్ము, మీరే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఓనరు అమెరికాలో ఉంటే ఆ ఒక శాతం చెల్లదు, రేటు చాలా ఎక్కువ. టోకెన్ ఇచ్చే ముందే అడిగి తెలుసుకోండి.