అమ్మమ్మ మల్లె అంటు

చిట్టీ,

కొత్త ఇంటి బాల్కనీలో ఏ పూలమొక్కలు పెట్టాలో లిస్టు రాసి పంపమన్నావు. లిస్టు నేను పంపను. అమ్మమ్మ పెరట్లో నీకు ఏ పువ్వు ఏ వేళప్పుడు గుర్తుందో ముందు నువ్వే రాసుకో. పేరుకన్నా వేళే ముఖ్యం. పారిజాతం తెల్లవారేసరికి రాలిపోతుంది, నువ్వు లేచేసరికి ఎంత పొద్దెక్కుతుందో నాకు తెలియదా! పైగా అది చెట్టు, దాన్ని కుండీలో ఇరికించకు. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేది చీకటి పడ్డాక. కాబట్టి మల్లె, సన్నజాజి, చంద్రకాంత నీకు సరిపోతాయి. చంద్రకాంత సాయంత్రం నాలుగింటికే విచ్చుకున్నా, మర్నాడు పొద్దుటిదాకా ఉంటుంది.

వాసన లేని పువ్వుకి మాత్రం అందం చూసి పడిపోకు. చూసినవీ విన్నవీ మెదడులో థాలమస్ అనే చోట ఆగి వెళ్తాయట. వాసన అక్కడ ఆగకుండా, జ్ఞాపకాలూ ఉద్వేగాలూ ఉండే భాగాలకి దగ్గరి దారిన చేరిపోతుంది. పాత ఫొటో చూస్తే రాని కన్నీళ్లు ఒక్క జాజిపువ్వుకి వచ్చేది అందుకే. కనకాంబరానికి మినహాయింపు ఇస్తాను. దాని ఎండుకాయ తడి తగిలితే టప్పున పేలుతుంది కదా. మీ అన్నయ్య వాటిని తడిపి నీ మెడ వెనక పెట్టి ఏడిపించేవాడు. ఆ గొడవ కోసమైనా ఒక కుండీ ఉండాలి.

మల్లె మాత్రం నర్సరీలో కొనకు. ఒంటిరేకు మల్లె, దొంతర మల్లె అంటూ చాలా రకాలున్నాయి, అమ్మమ్మది ఏదో వాళ్లకేం తెలుసు? ఆ తీగ నుంచే అంటు తీసుకుంటే అచ్చంగా అదే పువ్వు పూస్తుంది. వానలు పడగానే, కింద ఉన్న పెన్సిలంత లావు కొమ్మ ఒకటి చూసి నేలకి వంచు. మట్టిలోకి వెళ్లే చోట ఆకులు తీసేసి, బెరడు కొద్దిగా గీరి, పైన మట్టి కప్పి, లేవకుండా రాయి పెట్టు. కొస బయటే ఉండాలి. రెండు మూడు నెలల్లో వేళ్లు పడతాయి. మధ్యలో పీకి చూడకు, నీకసలే తొందరెక్కువ. కొస కొత్తగా చిగురు వేసి, మెల్లగా లాగితే కదలకుండా ఉందంటే వేళ్లు పట్టినట్టే. అప్పుడు తల్లితీగ వైపు కోసి, మట్టిగడ్డతో సహా తవ్వి తీసుకో.

కుండీకి రోజూ అయిదారు గంటల ఎండ పడాలి. ఏపుగా పెరిగాక, చలికాలంలో నీళ్లు తగ్గించి, కొమ్మలు సగానికి కత్తిరించి, మిగిలిన ఆకులు దూసెయ్యి. జాలిపడకు, మొగ్గ పడేది కొత్త చిగుళ్లకే. చేమంతి కూడా పెడతావేమో, వీధిలైటు పడే మూల వద్దు. దానికి పొడుగాటి చీకటి రాత్రులుంటేనే మొగ్గ వస్తుంది.

ఈ వానల్లోనే వచ్చి కొమ్మ వంచి మట్టి కప్పి వెళ్లు, నీళ్లు నేను పోస్తాను. అంటు తీసుకెళ్లే రోజు తడిపిన గోనెసంచి ముక్క తెచ్చుకో, ప్లాస్టిక్ కవరు తెచ్చావంటే మొక్క ఇవ్వను.

మీ పెద్దమ్మ