అమ్మలూ, ఆ కౌంటర్ల మీద చెయ్యి వేసే ముందు

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది, సర్వర్ ప్రోగ్రామ్ స్పీడు పెంచే పని ఆఫీసులో నీకే ఇచ్చారట, షేర్డ్ వేరియబుల్స్ అన్నిట్నీ కేష్ లైన్లకి అలైన్ చేసేస్తానన్నావట, అంటే ప్రతిదీ ఒక లైన్ మొదట్లోనే మొదలయ్యేలా. పర్లాకిమిడిలో మన వీధంతా చెప్పుకున్నాను, పక్కింటి మాస్టారికి ఒడియాలో మరోసారి చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అన్నిట్నీ ఏటే తల్లీ?

చిన్నవి ముందు చెప్పీస్తాను. కేష్ లైనంటే ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్కసారిగా తెచ్చుకునే ముక్క, దాని సైజు ఎంతో మెషీన్‌నే అడుగు. మీ ఇంటెల్ సర్వర్లలో 64 బైట్లు, నీ ఎమ్1 మేక్‌బుక్‌లో 128. అందుకే లాప్‌టాప్ మీద కొలిచి సర్వర్ బాగుపడిందని ఎవరికీ చెప్పకు.

నువ్వు అలైన్ చేసి పోగొట్టాలనుకునే జబ్బు ఎలాంటిదంటే, బజార్లో అన్నదమ్ములవి రెండు షాపులు, పద్దు పుస్తకం ఒక్కటే అనుకో. ఒకరి పేజీ ఇంకొకరు ముట్టుకోరు, అయినా అన్న రాయాలంటే పుస్తకం తమ్ముడి షాపు నుంచి రావాలి, అంతలోనే మళ్ళీ తమ్ముడికి కావాలి, పొద్దస్తమానం కుర్రాడు మోస్తూనే ఉంటాడు. ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల్ని కోర్లంటారు కదా, ఒక కోర్ రాసిందంటే మిగతా కోర్ల దగ్గరున్న ఆ లైన్ కాపీ చెల్లదు, రాసిన వేరియబుల్ వేరేదైనా సరే. ఫాల్స్ షేరింగ్ అంటే ఇదే.

నేను ఉద్యోగంలో ఉండగా మా టీమ్‌లో ఒక కుర్రాడు, తెలివైనవాడే, ఎనిమిది త్రెడ్లకి, అంటే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల వరసలకి, ఎనిమిది కౌంటర్లు పెట్టాడు, ఒక్కోటి 8 బైట్లు, వరసగా ఒకే అర్రేలో. లాక్ లేదు, ఎవరి కౌంటర్ వాళ్ళది, అయినా త్రెడ్లు పెంచిన కొద్దీ పని తగ్గేది. ఎవరో ఫాల్స్ షేరింగ్ అనగానే అర్రే ముందర అలైనాస్ 64, అంటే 64తో భాగింపబడే అడ్రసులోనే మొదలవ్వాలన్న మాట, తగిలించి ఇంటికెళ్ళిపోయాడు. మర్నాడు చూస్తే ఇంకా దిగజారింది! బోర్డు మీద అడ్రసులు రాసుకుంటే తెలిసింది. అంతకుముందు అర్రే లైన్ మధ్యలో మొదలయ్యేది, సగం కౌంటర్లు ఒక లైన్లో, సగం పక్క లైన్లో ఉండేవి. ఇప్పుడు ఎనిమిదెనిమిదులు అరవైనాలుగు, ఎనిమిదీ వచ్చి ఒకే లైన్లో కూర్చున్నాయి. అలైన్ చెయ్యాల్సింది అర్రే మొదలుని కాదు, ప్రతి ఎలిమెంట్‌నీ. కౌంటర్‌ని స్ట్రక్ట్‌లో పెట్టి ఆ స్ట్రక్ట్ టైపుకే అలైనాస్ ఇస్తే సైజాఫ్, అంటే ఒక్కో స్ట్రక్ట్ సైజు, తనే 64 అవుతుంది, పక్క కౌంటర్ పక్క లైన్‌కి పోతుంది. ఆ కుర్రాడు ఆరోజు అన్నం ముట్టలేదు. నువ్వూ అంతే, చిన్నప్పుడు ఒక మార్కు తగ్గితే కంచం ముందు నుంచి లేచిపోయేదానివి. ఈ పనిలో అలా చేశావంటే ఊరుకోను.

ఆ స్ట్రక్ట్‌కి మెమరీని మాలాక్ ఫంక్షన్‌తో తెచ్చావంటే చేసిందంతా పోతుంది, 64 బిట్ లినక్స్‌లో సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 16 బైట్ల అలైన్‌మెంట్‌కే పూచీ. దాని బదులు అలైన్డ్ అలాక్ ఫంక్షన్ వాడు. సీ ప్లస్ ప్లస్‌లో న్యూ కూడా 17 స్టాండర్డ్ నుంచే దీన్ని పాటిస్తుంది, మీ కంపైలర్ ఏ స్టాండర్డ్ మీద నడుస్తోందో చూసుకో.

ఇంక అన్నీ అలైన్ చెయ్యడం గురించి. కోర్‌కి అతి దగ్గరున్న ఎల్1 డేటా కేష్ 32 కిలోబైట్లనుకో, మొత్తం 512 లైన్లు, 8 బైట్ల దానికల్లా ఒక లైన్ రాసిచ్చేస్తే ఇంక మిగిలేదేటి? అందరూ చదవడమే తప్ప రాయనివి పక్కపక్కనే ఉండనీ, ఒకే త్రెడ్ కలిపి వాడేవి కలిపే ఉంచు. అన్ని త్రెడ్లూ నిజంగా ఒకే కౌంటర్‌ని పెంచుతుంటే ఎంత అలైన్ చేసినా దండగ, త్రెడ్‌కొకటి ఇచ్చి చివర్లో కూడుకోవాల్సిందే. సర్వర్ మీద పెర్ఫ్ సీటూసీ అనే లినక్స్ టూల్ నడుపు, కోర్ల మధ్య ఏ లైన్ కొట్టుకుంటోందో అదే చూపిస్తుంది. అందులో ఉన్న రెండు మూడు వేరియబుల్స్ చాలు, మిగతావాటి జోలికి పోకు. అర్ధరాత్రి ఒక్కదానివే కూర్చుని ప్రొడక్షన్‌లో మాత్రం పెట్టకమ్మా, పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఆఫీసు కోడ్ పంపకు, స్ట్రక్ట్‌లో ఏ మెంబర్‌ని ఏ త్రెడ్ రాస్తుందో పేర్లు మార్చి కాగితం మీద గీసి దగ్గర పెట్టుకో, ఇద్దరం చూద్దాం. మీ పెద్దమ్మ గుణుపురం వెళ్తోంది, సాయంత్రం ఎంతసేపైనా మాట్లాడొచ్చు.

మీ పెదనాన్న