రేటింగ్ చూసి అత్యవసర నిధి తీస్తారా?

ప్రశ్న: ఒక ఆన్‌లైన్ బెట్టింగ్ సైటుకు 4.7 రేటింగ్ ఉంది. వేలమంది బాగుందని రాశారు. నేనూ రెండు వారాలుగా చిన్న మొత్తాలతో ఆడుతున్నాను. కొంత గెలిచాను. విత్‌డ్రా పెడితే మర్నాటికల్లా ఖాతాలో పడింది. సంతోషంతో నేనూ 5 స్టార్లు ఇచ్చాను. నాలుగు నెలల ఖర్చులకు సరిపోయే అత్యవసర నిధి పొదుపు ఖాతాలో ఊరికే పడి ఉంది. అది వాడి, చాలకపోతే పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. లోన్ మంజూరైంది, డబ్బు ఇంకా తీసుకోలేదు. ఈ రివ్యూలను ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు: ముందు లోన్ సంగతి. వద్దు. దీని మీద చర్చే అక్కర్లేదు. ఈఎంఐ నెలనెలా తప్పదు, పందెంలో గెలుపు ఏ నెల వస్తుందో ఎవరూ చెప్పలేరు. లోన్ బదులు క్రెడిట్ కార్డు గీకుదామని కూడా అనుకోకండి. ఇలాంటి చెల్లింపులను చాలా బ్యాంకులు కార్డు మీద నగదు తీసుకున్నట్టే లెక్కేసి, ఫీజు పట్టుకుని, మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తాయి. బ్రిటన్ 2020 ఏప్రిల్‌లో క్రెడిట్ కార్డుతో జూదాన్ని నిషేధించింది. ఆస్ట్రేలియా 2024లో ఆన్‌లైన్ బెట్టింగ్‌కు అదే నియమం తెచ్చింది. రెండుచోట్లా భయం ఒకటే: జనం తమది కాని డబ్బుతో ఆడి అప్పుల పాలవుతారని.

ఇక రివ్యూలు. మీ ప్రశ్నను ఎంచుకున్నది మీరిచ్చిన ఆ 5 స్టార్ల కోసమే. మీరు అబద్ధం రాయలేదు. చిన్న మొత్తం గెలిచారు, డబ్బు చేతికొచ్చింది, ఆ ఊపులో రాశారు. వచ్చే నెల ఇదంతా పోగొట్టుకుంటే, వెనక్కి వెళ్లి ఆ రివ్యూ మారుస్తారా? చాలామంది మార్చరు. పోగొట్టుకున్న సంగతి నలుగురికీ చెప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ 4.7లో నకిలీ రివ్యూలన్నీ ఏరేసినా, మిగిలిన వాటిలో మీలా మొదటి వారాల్లో రాసినవి ఎన్నో ఉంటాయి. పైగా చిన్న విత్‌డ్రాలు చకచకా రావడం పెద్ద మొత్తానికి హామీ కాదు. మోసపు సైట్లు కూడా నమ్మకం కుదిరేదాకా చిన్న మొత్తాలు చెల్లిస్తాయి. పెద్ద మొత్తం అడిగిన రోజు కొత్త పత్రాలు, కొత్త నిబంధనలు బయటికొస్తాయి.

'టాప్ 10 సైట్లు' అంటూ సమీక్షలు రాసేవాళ్లను అసలే లెక్కలోకి తీసుకోకండి. వాళ్ల లింకు ద్వారా మీరు చేరితే వాళ్లకు కమీషన్ ముడుతుంది. కొన్ని ఒప్పందాల్లో ఆ కమీషన్ మీరు పోగొట్టుకున్న దాంట్లో వాటాగానే వస్తుంది. మీరు ఎంత పోగొట్టుకుంటే ఆ సమీక్ష రాసినవాడికి అంత ఆదాయం.

రివ్యూలు బొత్తిగా పనికిరావని అనను. 1 స్టార్, 3 స్టార్ల వాటిలో తేదీతో, వివరంతో రాసినవి చదవండి. విత్‌డ్రా ఎన్నాళ్లు ఆపారు, ఒకే పత్రాన్ని ఎన్నిసార్లు అడిగారు, గెలిచాక ఖాతా మూసేశారా వంటివి పదిమంది ఎవరి మాటల్లో వాళ్లు రాస్తే అది గట్టి హెచ్చరిక. 'అంతా మోసం' అని ఒక్క ముక్క రాసి వదిలేసినవాటితో, ఒకే వారంలో ఒకే ధోరణిలో వచ్చిపడిన పొగడ్తలతో పనిలేదు. లైసెన్సును మాత్రం నియంత్రణ సంస్థ సొంత జాబితాలోనే వెతకండి. సైటు అడుగున కనిపించే ముద్రను ఎవరైనా అతికించుకోగలరు.

ఇంత జాగ్రత్తగా చదివినా మీకు తెలిసేది సైటు డబ్బు చెల్లిస్తుందా లేదా అన్నదే. మీకు మిగులుతుందా అన్నది ఆట లెక్కలో ఉంది. రౌలెట్ అంటే తిరిగే చక్రం మీద బంతి ఏ అంకె దగ్గర ఆగుతుందో పందెం కాసే ఆట. చక్రం మీద ఒక్క సున్నా ఉంటే కాసిన డబ్బులో నిర్వాహకుడి వాటా సగటున 2.7 శాతం, రెండు సున్నాలుంటే 5.26 శాతం. బోనస్ సంగతీ చూడండి. 100 బోనస్ ఇచ్చి, దానికి 30 రెట్లు పందెం కాశాకే విత్‌డ్రా అంటారు. అంటే 3,000 కాయాలి. నూటికి 96 తిరిగిచ్చే స్లాట్ ఆటలో ఆ 3,000 మీద సగటున 120 పోతుంది. ఇచ్చిన 100 పోయి, మీ జేబులోంచి ఇంకో 20 కూడా పోయినట్టు. నిజాయతీగా నడిచే సైటులోనూ లెక్క ఇదే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన మాట 'ఊరికే పడి ఉంది' అన్నది. ఆ నిధి పనే అది. ఉద్యోగం పోయిన నెల, ఆసుపత్రిలో చేరిన రాత్రి ఎవరి ముందూ చేయి చాచకుండా గడవడానికే దాన్ని పెట్టుకుంటాం. నాలుగు నెలలది ఉందన్నారు, నా లెక్కలో అదీ తక్కువే. ఆరు నెలలకు పెంచండి. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే అయితే తొమ్మిది నెలలు ఉండాలి. అది తీసి ఆడి పోగొట్టుకుంటే, తర్వాత వచ్చే ఏ చిన్న అవసరానికైనా మళ్లీ అప్పే గతి. అప్పు తీర్చడానికి మళ్లీ పందెం వేద్దామనిపిస్తుంది. మనుషులు మునిగేది సరిగ్గా అక్కడే.

టర్మ్ పాలసీ (నిర్ణీత కాలానికి తీసుకునే జీవిత బీమా), ఆరోగ్య బీమా ఉన్నాయో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. పెట్టుబడి మాట ఆ తర్వాత, షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా కొంత చాలు.

రేపు బ్యాంకుకు ఫోన్ చేసి లోన్ వద్దని చెప్పండి, రద్దు చేసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. సైటులో మిగిలిన డబ్బు మొత్తం విత్‌డ్రా పెట్టండి. అది వచ్చేదాకా పెండింగ్‌లో ఉంటుంది. కొన్ని సైట్లలో ఆ మధ్యలో దాన్ని రద్దు చేసి మళ్లీ ఆడే బటన్ కూడా ఉంటుంది, దాని జోలికి వెళ్లకండి. డబ్బు ఖాతాలో పడగానే మిమ్మల్ని ఆడనివ్వొద్దని మీరే సైటును కోరే స్వీయ నిషేధం సదుపాయం వాడి ఖాతా మూయించండి. మీరు పెట్టిన ఆ 5 స్టార్ల రివ్యూ కూడా తీసేయండి.