ట్రిపుల్ ఈలో చేర్చి అబ్బాయికి అన్యాయం చేశామా?

ప్రశ్న: మా అబ్బాయి ట్రిపుల్ ఈ మూడో సంవత్సరం. ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్ పీఎల్‌సీ, వాటిని తెర మీద చూస్తూ నడిపే సాఫ్ట్‌వేర్ స్కాడా నేర్చుకుంటానంటున్నాడు. మా తోడికోడలి పిల్లలిద్దరూ సీఎస్‌ఈ. ఈ వేసవిలో వీణ్ని హైదరాబాద్‌లో మూడు నెలల ఏఐ కోర్సులో చేర్పించాలని మావారి పట్టుదల. ఏది మంచిదో పోల్చి చెప్పండి. రొయ్యల చెరువులున్నాయి, ఫీజుకు ఇబ్బంది లేదు.
– ఒక తల్లి, భీమవరం

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తూనే ఉంటాయి. మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, మనసులో ఉన్న దిగులు వేరు. తప్పు బ్రాంచిలో చేర్చి పిల్లాడి జీవితం పాడుచేశామా అని. చేయలేదు. ఆ టెన్షన్ ముందు వదిలేయండి.

లెక్కలూ ప్రోగ్రామింగూ ఇష్టమైన పిల్లలకు ఏఐ మంచి దారే. నా అనుమానమంతా మూడు నెలల కోర్సుల మీదే. స్టాటిస్టిక్స్ గట్టిగా రాకుండా, ఎవరో రాసిన కోడ్ నడిపించి సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లాడు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తడబడతాడు. పైగా అది మీ వాడు అడిగింది కాదు. తోడికోడలి పిల్లలతో పోటీ మీది, వాడిది కాదు. మూడేళ్లు చదివాక నోరు తెరిచి ఒకటి కావాలన్నాడు. అది వినకుండా ఫీజు కట్టడం ప్రేమ అనిపించుకోదు. ఈ మాట మీవారికీ చదివి వినిపించండి.

అలాగని పీఎల్‌సీ అని బోర్డు పెట్టిన ప్రతిచోటా చదువు చెబుతారని కాదు. కొన్నిచోట్ల కంప్యూటర్లో లాడర్ (నిచ్చెనలా గీసే పీఎల్‌సీ ప్రోగ్రామ్) గీయించి, తెర మీద లైటు వెలిగితే పాఠం అయిపోయిందంటారు. అసలు పాఠం వైరు దగ్గర మొదలవుతుంది. స్టాప్ బటన్ నార్మల్లీ క్లోజ్డ్‌గా, అంటే నొక్కనంతసేపూ కరెంటు పారేలా, ఎందుకు పెడతారు? వైరు తెగినా మోటారు ఆగాలి కాబట్టి. ట్యాంకులో మట్టం చెప్పే సెన్సర్ సిగ్నల్ 0 నుంచి కాక 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకా ఎందుకు? 0 వస్తే అది ట్యాంకు ఖాళీ కావడం కాదు, లైను తెగడమని తెలియాలి కాబట్టి. స్వయంగా వైరు పీకి చూసిన పిల్లాడు ఇది మరచిపోడు.

ఉద్యోగాలంటారా, కాకినాడ ఎరువుల ప్లాంట్లు, నూనె రిఫైనరీలు, ఓడలరేవు గ్యాస్ టెర్మినల్... ఇలాంటి చోట్ల కంట్రోల్ సిస్టమ్స్ తెలిసినవాళ్లు లేకుండా పని జరగదు. కాకపోతే మొదట్లో సైట్ల వెంట తిరగాలి, నైట్ షిఫ్టులుంటాయి, తొలి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువ ఉండొచ్చు. ఇవి వాడికి ముందే చెప్పండి.

ఈ వేసవికి మీ చెరువే చాలు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని మీవారికి ఎవరూ చెప్పక్కర్లేదు. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి వస్తే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ ఆన్, 5 దాటితే ఆఫ్ అయ్యేలా వాణ్ని ప్రోగ్రామ్ రాయమనండి. అందుకు ఓపెన్‌పీఎల్‌సీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఆ రెండు అంకెల మధ్య ఖాళీ వదలకపోతే మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు, అదే కాంటాక్టర్, టకటకా కొట్టుకుని పాడవుతుంది. సెన్సర్‌కు నాచు పడితే రీడింగ్ తప్పుతుంది, అప్పుడేం చేయాలి? కరెంటు పోయి వస్తే? ఈ ప్రశ్నలు తండ్రీకొడుకులు కూర్చుని తేల్చుకోవాలి. మొదట ఏరేటర్ బదులు బల్బు పెట్టి చూడాలి. గట్టు మీద తడిలో కరెంటు పని కాబట్టి, తర్వాత కూడా మీ ఎలక్ట్రీషియన్ పక్కనుంటేనే చేయాలి.

ఆ తర్వాత కూడా ఇన్‌స్టిట్యూట్ కావాలంటే, డబ్బు కట్టే ముందు వాణ్నే వెళ్లి ల్యాబ్ చూసి రమ్మనండి. ఒక్కో పీఎల్‌సీకి ఎంతమంది, వైరింగ్ ఎవరు చేస్తారు అని అడగమనండి. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పే చోట మాత్రం రూపాయి కట్టకండి.