కోడిపిల్లలు చనిపోతున్నది కొక్కెర తెగులుతో కాదు, గంప కింది తడితో

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా కొల్లిపర మండలం. ఇంటి దగ్గర 14 నాటుకోడి పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. పుంజును ఎక్కువగా కట్టేసే ఉంచుతాం. మే 20 నుంచి గుడ్లు ఏరి వంటింట్లో బియ్యం డబ్బాలో దాచి, జూన్ 9న పొదుగుకు వచ్చిన మూడు పెట్టల కింద 14 చొప్పున 42 గుడ్లు పెట్టాను. 19 మాత్రమే పిల్లలయ్యాయి. పగలగొట్టి చూస్తే కొన్ని నీళ్లలా ఉన్నాయి, కొన్ని మురిగిపోయాయి, కొన్నింటిలో పిల్ల పూర్తిగా పెరిగి చనిపోయి ఉంది. ఉరుముల వల్లే ఇలా జరిగిందని మా అత్తగారు అంటున్నారు. గంపలో ఇనుప ముక్క, బొగ్గు వేసినా ఫలితం లేదు. పిల్లలను తల్లులతో పాటు వసారాలో గంపల కింద మూస్తూ, నూకలు పెట్టి, పళ్లెంలో నీళ్లు పోస్తున్నాం. మూడు వారాలు దాటాక రెక్కలు వాల్చి, ముడుచుకుని కూర్చుని, రోజుకు ఒకటి రెండు చొప్పున 8 చనిపోయాయి. రెట్ట ఎర్రగా, కాఫీ రంగులో పడుతోంది. పెద్దకోళ్లు బాగానే ఉన్నాయి. కొక్కెర తెగులు వచ్చిందని మందుల దుకాణంలో చెబితే ఎన్‌రోఫ్లాక్సాసిన్ సీసా, డాక్సీసైక్లిన్ పొడి, బి-కాంప్లెక్స్ టానిక్ ఇచ్చి, ఆ తెగులుకు వేసే లసోటా టీకా కూడా వెంటనే వేయమన్నారు. ఐదు రోజులు మందులు వాడినా చావులు ఆగలేదు. మిగిలిన 11 పిల్లలను ఎలా కాపాడుకోవాలి? వచ్చేసారి గుడ్లు పాడవకుండా ఏం చేయాలి?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, మీ పిల్లలకు వచ్చింది కొక్కెర తెగులు కాదు. కొక్కెర తెగులైతే పిల్లలు నోరు తెరిచి కష్టంగా శ్వాస తీసుకునేవి, ఆకుపచ్చగా పారేవి, కొన్నింటికి మెడ తిరిగిపోవడమో కాళ్లు చచ్చుబడటమో కనిపించేది. టీకా వేయని పెద్దకోళ్లు కూడా ఈపాటికి పడిపోయేవి. మీ ఇంట పెద్దకోళ్లు క్షేమంగా ఉండి, మూడు వారాలు దాటిన పిల్లలు మాత్రమే రెక్కలు వాల్చి ఎర్రటి రెట్ట వేస్తూ చనిపోతున్నాయంటే అది రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. దీనికి కారణం పేగుల్లో పెరిగే ఏకకణ పరాన్నజీవి. దాని గుడ్లు రెట్టతో బయటపడి, తడి, వెచ్చదనం ఉన్నచోట ఒకటి రెండు రోజుల్లోనే రోగాన్ని కలిగించే స్థితికి వస్తాయి. తల్లికోడి ఏ లక్షణమూ లేకుండానే వీటిని రెట్టలో వదులుతూ ఉంటుంది. ఆరుద్ర కార్తె నుంచి వసారాలో ఒకేచోట గంప కింద మూసిన పిల్లలు, పళ్లెంలో కాళ్లు పెట్టి ఒలకబోసిన నీటిలో, తమ రెట్టలోనే నూకలు ఏరుకుని తింటున్నాయి. రోగం అక్కడి నుంచే వచ్చింది.

ముందు ఈ రోజే చేయవలసిన పని చెబుతాను. దుకాణంలో ఇచ్చిన మూడు మందులనూ ఆపివేయండి. ఆంప్రోలియం 20 శాతం పొడిని లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున కలిపి ఐదు రోజులు, ఆ తరువాత లీటరుకు 0.3 గ్రాముల చొప్పున మరో ఏడు రోజులు తాగించండి. ఇంత కొద్ది మోతాదును చెంచాతో కొలవబోతే తప్పకుండా తేడా వస్తుంది కాబట్టి 30 గ్రాముల పొట్లాన్ని శుభ్రమైన పొడి కాగితంపై పోసి ఐదు సమభాగాలు చేయండి, ఒక్కొక్క భాగాన్ని మళ్లీ ఐదు చేయండి. అలా వచ్చిన ఒక్కొక్క చిన్న భాగం 1.2 గ్రాములు. మొదటి ఐదు రోజులు ఒక భాగాన్ని ఒక లీటరులో, తరువాతి ఏడు రోజులు ఒక భాగాన్ని నాలుగు లీటర్లలో కలపాలి. మిగతా భాగాలను తడి తగలకుండా విడివిడిగా మడిచి, ఇంట్లోని పసిపిల్లలకు అందనిచోట దాచండి. మందు నీటిని ప్రతి ఉదయం కొత్తగా కలపాలి, నిన్నటి నీటిని పారబోయాలి, ఈ పన్నెండు రోజులూ వేరే నీరు అందుబాటులో ఉంచకూడదు. నీరసించి తాగలేని పిల్లలకు ఇదే నీటిని సిరంజితో, సూది తీసివేసి, నోటి పక్క నుంచి చుక్కచుక్కగా గంటకోసారి పట్టించండి.

బి-కాంప్లెక్స్ టానిక్‌ను ఎందుకు ఆపమన్నానో కూడా తెలుసుకోండి. ఆంప్రోలియం ఆ పరాన్నజీవికి విటమిన్ బి1 అందకుండా అడ్డుకుని దానిని చంపుతుంది. మీరు అదే సమయంలో బి1 ఉన్న టానిక్ పోస్తే మందు పనిని మీ చేతులతోనే తగ్గించినట్లవుతుంది. మందు పూర్తయిన తరువాత టానిక్ ఇవ్వవచ్చు. పేగుల్లో రక్తస్రావం ఉంది కాబట్టి ఇప్పుడు విటమిన్ కె, విటమిన్ ఎ ఇస్తే మేలు.

మందు కంటే ముఖ్యమైనది నేల. గంపల కింది తడిసిన మట్టిని రెండంగుళాల లోతు గీకి, ఆ మట్టిని, రెట్టను దూరంగా గోతిలో పూడ్చండి. గచ్చు అయితే సలసల మరిగే నీళ్లు పోసి ఎండనివ్వండి. ఫినాయిల్ వంటి మామూలు ద్రావణాలకు ఈ పరాన్నజీవి గుడ్లు చావవు, బాగా మరిగిన నీటికి చస్తాయి. ఆ తరువాత పిల్లలను మరోచోట, వాన జల్లు పడని ఎత్తయిన స్థలంలో రెండు మూడు అంగుళాల మందాన పొడి వరిఊక పరచి ఉంచండి. మందు వాడే మొదటి ఐదు రోజులూ ఊకను రోజూ మార్చండి, తరువాత రెండు మూడు రోజులకోసారి తిరగబోసి తడిసిన భాగాన్ని తీసివేస్తే సరిపోతుంది. నీళ్ల పళ్లెం తీసివేసి, తలకిందులుగా బోర్లించే ప్లాస్టిక్ నీటి డబ్బాను ఇటుకపై, పిల్లల వీపు ఎత్తుకు సరిగ్గా ఉండేలా పెట్టండి. నూకలను కూడా నేలపై చల్లకండి.

ఇక మందుల దుకాణం సంగతి. మీ పిల్లలకు నిజంగా కొక్కెర తెగులే వచ్చి ఉన్నా, ఆ దుకాణదారు ఇచ్చిన రెండు యాంటీబయాటిక్‌లలో ఒక్కటి కూడా దానిపై పనిచేయదు, ఎందుకంటే అది వైరస్‌తో వచ్చే వ్యాధి. రక్తపారుడుపైనా ఎన్‌రోఫ్లాక్సాసిన్ పనిచేయదు, ఎందుకంటే దానికి కారణం బ్యాక్టీరియా కాదు. రోగం పేరు మీరు చెప్పినదైనా, నేను చెప్పినదైనా ఆ సీసా వృథాయే, పైగా అసలు మందు పడవలసిన ఐదు రోజులు పోయాయి. గుంటూరు, తెనాలి, విజయవాడ దుకాణాలలో రైతు రోగం పేరు చెప్పగానే రెట్ట రంగు అడగకుండా, పిల్లల వయసు అడగకుండా సీసాలు చేతిలో పెట్టే పద్ధతి ఆగాలి. పెరట్లో అవసరం లేకుండా పోసే ప్రతి యాంటీబయాటిక్ చుక్కా మందుకు లొంగని బ్యాక్టీరియాను పెంచుతుంది, ఆ బ్యాక్టీరియా కోళ్లను కడిగే చేతులకు, ఇంట్లోని పసిపిల్లలకు చేరుతుంది. మనుషులకు చివరి ఆసరాగా వాడే కొలిస్టిన్‌ను ఆహారం కోసం పెంచే జంతువులలో, కోళ్లతో సహా, వాడేందుకు తయారు చేయడాన్ని, అమ్మడాన్ని కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో నిషేధించవలసి వచ్చింది ఈ దుర్వినియోగం వల్లనే. ఇకపై ఏ సీసా కొన్నా దానిపై ఉన్న మందు పేరు చదివించుకుని, పశువైద్యుడి చీటీ ఉంటేనే వాడండి.

జబ్బుతో ముడుచుకున్న పిల్లలకు లసోటా వేయమనడం అంతకంటే పెద్ద తప్పు. టీకా ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే రక్షణ ఇస్తుంది, జబ్బు పిల్లలను మరింత కుంగదీస్తుంది. చావులు ఆగి, రెట్ట మామూలుగా పడిన తరువాత వారం పది రోజులు ఆగి వేయించండి. అలాగని టీకాను మరచిపోవద్దు. కొక్కెర తెగులుకు మందు లేదు, టీకా ఒక్కటే దారి.

గుడ్ల విషయానికి వస్తే, ఉరుములకు గుడ్లు మురగవు. ఇనుప ముక్క వల్ల నష్టం లేదు, లాభమూ లేదు. మీ గుడ్లు పెట్ట కిందికి చేరకముందే సగం పాడయ్యాయి. గుడ్డులోని పిండం సుమారు 21 డిగ్రీల సెల్సియస్ దాటితే కదలడం మొదలుపెడుతుంది, అది సరిగా ఎదగాలంటే 37.5 డిగ్రీల వేడి నిలకడగా ఉండాలి. రోహిణి కార్తె ఎండల్లో, పొయ్యి వెలిగే వంటింట్లో ఉన్న గుడ్డులో పిండం అరకొరగా పెరిగి, మళ్లీ ఆగి, చనిపోతుంది. దానిని మూడు వారాలు పొదిగించినా మురుగుడు తప్ప మరేమీ రాదు. మే 20న పెట్టిన గుడ్డు పొదుగుకు వెళ్లేసరికి దాని వయసు ఇరవై రోజులు. చలికాలంలో ఏడు రోజులు, ఎండాకాలంలో మూడు నాలుగు రోజులు మించిన గుడ్డును పొదగవేయకూడదు. ఒక పెట్ట పెట్టిన గుడ్లన్నీ అదే పెట్ట కింద పెట్టాలన్న నియమం ఏదీ లేదు. ప్రతి గుడ్డుపై పెన్సిల్‌తో తేదీ రాయండి, పాతవాటిని తినండి లేదా అమ్మండి, పెట్ట పొదుగుకు వచ్చిన రోజున మీ పెట్టలన్నింటి గుడ్లలో తాజావాటిని ఏరి దాని కింద పెట్టండి. పొదుగుకు వచ్చేవరకు గూట్లో ఒకటి రెండు గుర్తు పెట్టిన గుడ్లు ఉంచితే పెట్ట గూడు మార్చదు. దాచే గుడ్లను కడగకుండా, వెడల్పు భాగం పైకి ఉండేలా, తడి ఇసుకలో సగం దించిన మట్టికుండలో పెట్టి పలుచని గుడ్డ కప్పండి.

నీళ్లలా ఉన్న గుడ్లలో చాలా వాటిలో పిండమే ఏర్పడి ఉండదు. పద్నాలుగు పెట్టలకు ఒక పుంజు, అదీ కాలికి తాడుతో, అంటే ఇంతకంటే మంచి ఫలితం రాదు. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి, అది పగలంతా పెట్టల మధ్య తిరగాలి. పందెం కోసం కట్టేసి పెంచే పుంజును లెక్కలోకి తీసుకోవద్దు. ఏడవ రోజు రాత్రి చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చిపై గుడ్డును పెట్టి చూడండి. ఎర్రటి సన్నని నరాలు వ్యాపించి కనిపిస్తే పిండం ఉన్నట్లు, లోపల ఏమీ లేకుండా వెలుగు పారితే పిండం లేనట్లు. అటువంటి గుడ్లను ఏడవ రోజే తీసి, ఉడకబెట్టి నలిపి పిల్లలకు మేతగా పెట్టవచ్చు. పద్నాలుగవ రోజు మళ్లీ చూసి చచ్చినవాటిని తీసివేస్తే, మురిగి పగిలి మిగతా గుడ్లను పాడుచేసే ప్రమాదం తప్పుతుంది.

పూర్తిగా పెరిగి లోపలే చనిపోయిన పిల్లలకు కారణం ఎక్కువగా పెట్ట గూట్లో నిలవకపోవడం, చివరి మూడు రోజులలో తేమ చాలకపోవడం. నాటుకోడి పది పన్నెండు గుడ్లను మాత్రమే సరిగా కప్పగలదు. పద్నాలుగు పెడితే అంచున ఉన్నవి రోజూ మారుతూ అన్నీ కొంచెం కొంచెం చల్లబడతాయి. ఒంటి నిండా పేలు ఉన్న పెట్ట కూడా కూర్చోలేక లేచిపోతుంది కాబట్టి పొదగవేసే ముందే పేలు లేకుండా చేసి, బూడిదలో పొర్లనివ్వండి. గూటిని చీకటిగా, చల్లగా ఉండే మూల నేలపై, అడుగున కాస్త తడి ఇసుక, పైన వరిగడ్డి వేసి కట్టండి. పెట్ట మేతకు రోజుకోసారి పదిహేను ఇరవై నిమిషాలు లేవడం సహజం, అప్పుడు తరిమి కూర్చోబెట్టకండి. గూటి పక్కనే మేత, నీళ్లు ఉంటే త్వరగా వచ్చేస్తుంది.

పిల్లలకు నూకలు ఒక్కటే పెట్టడం కూడా మానండి. ఎనిమిది వారాల వరకు సుమారు 20 శాతం మాంసకృత్తులు ఉండే పిల్లల దాణా కావాలి, నూకల్లో అందులో సగం కూడా ఉండవు. అయితే కొన్ని పిల్లల దాణాలలో రక్తపారుడు నివారణ మందు ముందే కలిపి ఉంటుంది, ఆంప్రోలియం వాడే ఈ పన్నెండు రోజులు అటువంటి దాణా కొనకండి.

తరువాతి విడతలో టీకాలు ఈ క్రమంలో వేయించండి. ఏడవ రోజు లసోటా కంట్లో ఒక చుక్క, పద్నాలుగవ రోజు గంబోరో వ్యాధి టీకా, ఇరవై ఎనిమిదవ రోజు మళ్లీ లసోటా, ఆరవ వారంలో మసూచి టీకా, ఏడవ వారంలో నట్టల మందు, ఎనిమిదవ వారంలో కొక్కెర తెగులుకే మరో టీకా అయిన ఆర్2బి అర మిల్లీలీటరు చర్మం కింద. సీసాను మంచు ముక్కల మధ్యే తేవాలి, కలిపిన రెండు గంటల్లోపు వాడివేయాలి. ఒక సీసాలో సాధారణంగా వందకు తగ్గకుండా మోతాదులు ఉంటాయి కాబట్టి మీ వీధిలోని కోళ్ల పెంపకందారులందరూ ఒకే రోజు వేయించుకోవడం మంచిది.

ఆంప్రోలియం మొదలుపెట్టిన మూడవ రోజుకు కూడా రెట్టలో రక్తం ఆగకపోతే, ఆ రోజు చనిపోయిన పిల్లను ప్లాస్టిక్ సంచిలో మంచుతో పెట్టి మీ మండల పశువైద్యశాలకు గానీ, గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు గానీ తీసుకెళ్లి కోసి చూపించండి. గుడ్డిపేగులు (పేగు చివర సంచుల్లా ఉండే రెండు పేగులు) ఉబ్బి రక్తంతో నిండి ఉంటే నేను చెప్పినదే. అవి మామూలుగా ఉంటే రోగం వేరు, మందూ వేరు. పెద్దకోళ్లు కూడా ఒక్కసారిగా చనిపోవడం మొదలైతే మాత్రం వాటిని ముట్టుకోకుండా, కోయకుండా, ఎక్కడికీ తరలించకుండా వెంటనే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి.