అమ్మలూ, ముందు పుస్తకాలు కొనకు

అమ్మలూ,

రెండేళ్ల నర్సింగ్ కోర్సులో సీటొచ్చిందని నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఇండియన్ స్టోర్లో బెండకాయలు ఏరుతున్నాను. సంచి అక్కడే వదిలేసి బయటికొచ్చాను. ఆ సంబరంలో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. "పిన్నీ, ఆగస్టుకి ఇంకా పది వారాలుంది, ఈలోపు ఏ పుస్తకం చదవమంటావు?" అన్నావు.

ఏ పుస్తకమూ వద్దు. అనాటమీ, మైక్రోబయాలజీ పాసయ్యే కదా ఈ సీటు తెచ్చుకున్నావు. మొదటి వారంలో వాళ్లే ఇటుకంత పుస్తకం చేతిలో పెడతారు. ఈ పది వారాలూ కాగితాలకీ, ఇంటికీ, నోటికీ వాడుకో. 2006లో నేను ఈ మూడూ గాలికొదిలేసి పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాను.

కాగితాల్లో ముందు టీకాల సంగతి చూడు. నీ ఎడమ భుజం మీద బీసీజీ, అదే చిన్నప్పటి టీబీ టీకా, మచ్చ ఉండాలి. ఇక్కడ అమెరికాలో టీబీ పరీక్షంటే మామూలుగా ముంజేతి మీద చర్మంలోకి చిన్న సూది వేసి, రెండు మూడు రోజుల తర్వాత ఎంత గట్టిపడిందో స్కేలుతో కొలుస్తారు. బీసీజీ వేయించుకున్నవాళ్లకి టీబీ లేకపోయినా అక్కడ ఉబ్బొచ్చు. నాకు రూపాయి బిళ్లంత లేచింది. ఇక ఛాతీ ఎక్స్‌రే, డాక్టరు ఉత్తరం, మళ్లీ అపాయింట్‌మెంట్. క్లినికల్, అంటే ఆసుపత్రిలో పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ, మొదలవడానికి రెండు రోజుల ముందు దాకా నా ఫైలు పూర్తి కాలేదు. నువ్వు క్వాంటిఫెరాన్ అనే రక్తపరీక్ష చెయ్యమని నేరుగా అడుగు. బీసీజీ ప్రభావం దాని మీద ఉండదు.

అదే రోజు, అదే సూదితో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, హెపటైటిస్-బి, అన్నిటికీ యాంటీబాడీలు చూడమను. "చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసింది" అంటే ఇక్కడ చెల్లదు, రిపోర్టులో అంకె కనపడాలి. టీబీ పరీక్షకి రక్తం ఇవ్వకుండా ముందే ఎంఎంఆర్, అంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకి కలిపి వేసే టీకా, వేయించుకోకు. అది బతికున్న వైరస్ టీకా, వేసుకున్నాక టీబీ పరీక్షకి నాలుగు వారాలు ఆగమంటారు. రెండూ ఒకే రోజు అయితే పర్వాలేదు.

హెపటైటిస్-బి దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. టెక్సాస్‌లో ఆ టీకా పూర్తి కాకుండా స్టూడెంట్‌ని పేషెంటు దగ్గరికి పంపరు. పాత పద్ధతిలో మూడు డోసులకి ఆరు నెలలు పడుతుంది. నీ దగ్గర ఉన్నది పది వారాలు. నీకు అవసరమని తేలితే హెప్లిసావ్ అనే కొత్త రకం టీకా ఉందేమో అడుగు. పెద్దవాళ్లకి నెల తేడాతో రెండు డోసులే.

సీపీఆర్, అంటే ఆగిన గుండెకి ఛాతీ నొక్కి ఊపిరి అందించడం, దాని కార్డు సంగతి కూడా చూసుకో. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ల బీఎల్‌ఎస్ అనే కోర్సు, బొమ్మ మీద చేతులతో నొక్కి చూపించేదే తీసుకో. ఆన్‌లైన్‌లో గంటలో సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల మాట నమ్మకు. ఇంకోటి, నీ పేరు. పాస్‌పోర్టులో ఒక రకంగా, గ్రీన్‌కార్డులో ఇంకో రకంగా, డ్రైవింగ్ లైసెన్సులో ఇంటిపేరు మధ్యలో, మన తెలుగువాళ్ల పేర్లన్నీ ఇంతే కదా. వేలిముద్రల దగ్గర మొదలై రెండేళ్ల తర్వాత నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష హాలు గుమ్మం దాకా ఆ పేరే నీతో వస్తుంది. రిజిస్ట్రేషన్‌లో పేరు, ఐడీలో పేరు తేడా ఉంటే లోపలికి రానివ్వరు. ఇప్పుడే ఒక్కటి చేయించుకో.

ఇక ఇల్లు. క్లినికల్ రోజున పొద్దున్న ఆరున్నరకల్లా నువ్వు ఆసుపత్రి లాబీలో యూనిఫాంతో నిలబడాలి. పిల్లల బస్సు ఏడున్నరకి. మరి ఎవరు ఎక్కిస్తారు? ఈ ప్రశ్న అల్లుడుగారిని ఆగస్టులో కాదు, ఈ వారమే అడుగు. "ఏదోలా సర్దుకుందాంలే" అంటే ఒప్పుకోకు. మీ బాబాయి కూడా అదే అన్నారు. సర్దుకోవడమంటే నేనే సర్దుకోవడమని నాకు అక్టోబరులో అర్థమైంది. ఏ రోజు ఎవరు వంట, ఎవరు పికప్, పిల్లాడికి జ్వరమొస్తే ఎవరు సెలవు పెడతారు, అన్నీ రాసి ఫ్రిజ్ మీద అంటించు. జూలైలోనే ఒక వారం ఆ పట్టిక ప్రకారం నడిపి చూడండి. అల్లుడుగారు మూడు కూరలూ, పప్పూ చెయ్యడం నేర్చుకుంటే చాలు, మిగతాది పచ్చళ్లు చూసుకుంటాయి.

మీ అత్తగారి టికెట్ విషయం నాజూకైనది, అయినా చెబుతాను. ఆవిడ వస్తే సాయమే, కానీ మొదటి నెలలో వద్దు. ఆవిడకి గ్యాస్ స్టవ్, రిమోటు, పార్కు దారి చూపించేసరికే నీకు రెండు పరీక్షలైపోతాయి. సెప్టెంబరు చివర్లో రమ్మను. శనివారాల వ్రతాలూ, గృహప్రవేశాలూ, ఒకటో పుట్టినరోజులూ మాత్రం రెండేళ్లు మానెయ్యి. నలుగురూ ఏదో అంటారు. "ఎంసీఏ చదివి నర్సేంటి, ఈ వయసులో" అని ఎలాగూ అంటున్నారుగా, దాంతోపాటే ఇదీ అంటారు. ఈ వయసు అంటే గుర్తొచ్చింది. ఒకప్పుడు ఇక్కడ నర్సింగ్ ఎక్కువగా ఆసుపత్రి హాస్టళ్లలో ఉండి మూడేళ్లు నేర్చుకునేవాళ్లు. పెళ్లయినవాళ్లని చాలాచోట్ల చేర్చుకునేవాళ్లే కాదు. 1952లో మిల్డ్రెడ్ మాంటాగ్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ ఈ రెండేళ్ల కోర్సుని ప్రయోగంగా మొదలుపెట్టిన తర్వాతే ఇల్లూ పిల్లలూ ఉన్న ఆడవాళ్లకి ఈ దారి బాగా తెరుచుకుంది. నా బ్యాచ్‌లో నాకన్నా పెద్దవాళ్లు ముగ్గురున్నారు.

ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నానన్నాను కదా, అదెలా పోయిందో చెబుతాను. ఆ కాలేజీలో 78 వస్తే పాస్. నాకు 77.6 వచ్చింది. రౌండ్ చెయ్యరు, బతిమాలినా చెయ్యరు. నాకు చదవడం రాక కాదు. పేజీ నంబరుతో సహా అప్పజెప్పగలను. మనకి ఇంటర్మీడియట్ నుంచీ అలవాటైన బట్టీ చదువు అది. కానీ వీళ్ల ప్రశ్న అలా ఉండదు.

ఇదిగో, ఒకటి చూడు. నీకు నలుగురు పేషెంట్లు. ఒకాయన నిన్న ఆపరేషనై, నొప్పి పదికి ఎనిమిది అని కేకలు వేస్తున్నాడు. ఒకావిడ సుగర్ 58కి పడిపోయింది, చెమటలు పడుతున్నాయి. ఒకాయన డిశ్చార్జి కాగితాల కోసం గంట నుంచీ విసుక్కుంటున్నాడు. ఒక కుర్రాడు ఆస్తమాతో వచ్చాడు, ఇందాక పిల్లికూతలు గట్టిగా వినిపించాయి, ఇప్పుడు వినపడటం లేదు, నీరసంగా పడుకున్నాడు. ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు? నేను సుగర్ ఆవిడ దగ్గరికి వెళ్లాను. తప్పు. ఆ కుర్రాడికి కూతలు ఆగింది తగ్గి కాదు, గాలి ఆడక. శ్వాస తర్వాతే ఏదైనా. ఆస్తమా గురించి నాకు రెండు పేజీలు నోటికొచ్చు, నిశ్శబ్దమే ప్రమాదమన్న సంగతి మాత్రం ఆ ప్రశ్న దాకా తట్టలేదు. అందుకే రేపు చదివేటప్పుడు ప్రతి జబ్బు దగ్గరా రెండే అడుగు: ఇందులో మనిషి ఎలా చనిపోతాడు, దానికి ముందు నా కంటికి ఏం కనపడుతుంది?

లెక్కలు మనకి నల్లేరు మీద నడక అనుకుంటాం. మందు మోతాదు లెక్కల పరీక్షకి పాస్ మార్కు చాలాచోట్ల 90, కొన్నిచోట్ల నూటికి నూరు. నేను మార్కు పోగొట్టుకున్నది సున్నా దగ్గర. 5 మి.గ్రా. అని రాయాల్సిన చోట 5.0 అని రాశాను. చుక్క కనపడకపోతే అది 50 అవుతుంది, అందుకని తప్పు కింద లెక్క. సగం రాయాలంటే మాత్రం .5 కాదు, 0.5 అని ముందు సున్నా ఉండాలి. రోజుకో లెక్క చెయ్యి. 44 పౌండ్ల పిల్లాడికి కిలోకి 15 మి.గ్రా. చొప్పున టైలెనాల్ అనే జ్వరం మందు ఇవ్వాలి, సిరప్ 5 మి.లీ.లో 160 మి.గ్రా. ఉంది. పౌండ్లని 2.2తో భాగిస్తే 20 కిలోలు, మందు 300 మి.గ్రా., సిరప్ 9.4 మి.లీ. నీకు ఇది నిమిషం పని. కానీ వచ్చిన జవాబుని ఒకసారి చెంచాల్లో ఊహించుకోవడం అలవాటు చేసుకో. దాదాపు రెండు టీ స్పూన్లు, సరే. అదే 94 వచ్చిందనుకో, సగం గ్లాసు అవుతుంది, ఎక్కడో తప్పిందని అక్కడే తెలిసిపోతుంది.

మందుల పేర్లు కొన్ని మళ్లీ నేర్చుకోవాలి. మన పారాసిటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్. సాల్బుటమాల్ ఆల్బ్యుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, లిగ్నోకెయిన్ లిడోకెయిన్. మా బ్యాచ్‌లో కేరళ అమ్మాయి ఒకతె అక్కడ నాలుగేళ్లు ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది, తనకే ఇవి నోరు తిరగడానికి నెల పట్టింది.

నోరంటే గుర్తొచ్చింది. నీ ఇంగ్లీషు బాగుంటుంది, ఆ భయం లేదు. కానీ మనం ఫిఫ్టీన్ అన్నా, ఫిఫ్టీ అన్నా ఫోన్లో వాళ్లకి ఒకేలా వినపడుతుంది. మందు అంకె చెప్పాక విడగొట్టి మళ్లీ చెప్పు: "ఫిఫ్టీన్, వన్ ఫైవ్." డాక్టరు ఆర్డరు చెప్పినా రాసుకుని తిరిగి చదివి వినిపించు. డబుల్ ఫైవ్ అనకు, అర్థం కాదు. అన్నిటికన్నా ముందు ఆ తల ఊపడం మానుకో. మన ఊపు వాళ్లకి అవునో కాదో తెలీదు. మా ఇన్‌స్ట్రక్టర్ ఒకసారి "నీకు అర్థమైందా లేదా?" అని మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ నేను తలే ఊపాను. అర్థం కాలేదని నోటితో చెప్పడం మనకి చిన్నతనం. అక్కడ చెప్పకపోవడమే పెద్ద తప్పు.

ఇంకొక సంగతి ఫోన్లో చెప్పడానికి మొహమాటపడ్డాను. మొదటి సెమిస్టర్లో నన్ను వృద్ధుల నర్సింగ్ హోంకి పంపారు. తొంభై ఏళ్ల ముసలాయన, మంచం పక్కన కొక్కేనికి కౌబాయ్ టోపీ. నేను మంచం మీదే ఆయనకి స్నానం చేయించాలి. పరాయి మగమనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యడం నాకదే మొదలు. చేసిన పనంతా పద్ధతిగానే చేశాను. కన్ను లోపలి మూల నుంచి బయటికి తుడిచాను, రెండో కంటికి గుడ్డ మడత మార్చాను, కడుగుతున్న భాగం తప్ప మిగతాదంతా దుప్పటి కప్పే ఉంచాను. చూపు మాత్రం గోడ మీద పెట్టుకున్నాను. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో నీళ్లు చల్లారిపోయాయి, నాకు తెలీలేదు. ఆయన "చలిగా ఉందమ్మా" అంటే అప్పుడు తెలిసింది. ఇంతలో ఇన్‌స్ట్రక్టర్ వచ్చి ఆయన ఎడమ మడమ ఎత్తింది. అక్కడ పావలా కాసంత ఎర్ర మచ్చ. వేలితో నొక్కి వదిలింది. తెల్లబడలేదు. అంటే మంచం పుండు మొదలవుతోంది. ఆ మడమని నేను అప్పుడే కడిగి తుడిచాను అమ్మలూ.

స్నానం చేయించడమంటే ఒళ్లంతా చూసే పని అని నాకు ఆవేళ తెలిసింది. సిగ్గు నెమ్మదిగా పోతుందిలే, ఈలోపు చూడటం మొదలుపెట్టు. ఇంట్లో అందరి నాడీ పట్టుకో. నాడీ చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని, చెప్పకుండా నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టు. లెక్కపెడుతున్నామని చెబితే ఎవరూ మామూలుగా పీల్చరు.

నల్లపూసల గురించి అడిగావు. కొన్ని కాలేజీలు సాదా ఉంగరం తప్ప ఏదీ ఒప్పుకోవు, రూలు పుస్తకం చూసుకో. ఒప్పుకున్నా పొడుగు గొలుసు వద్దు, మతిస్థిమితం లేని పేషెంటు చేతికి అందితే లాగుతాడు. నేను క్లినికల్ రోజుల్లో తాళి దేవుడి గూట్లో పెట్టి వెళ్లేదాన్ని. మీ అమ్మమ్మకి చెప్పలేదు. గాజులు, గోళ్లరంగు, తలకి వాసనొచ్చే నూనె కూడా ఆ రోజు వద్దు.

డబ్బు సంగతి తక్కువే. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ సాయానికి అప్లికేషన్ వెంటనే పెట్టు. కాలేజీ జిల్లాలోనే ఉంటున్నట్టు రుజువు ఇస్తే ఫీజు తగ్గుతుంది. రెండేళ్ల డిగ్రీతో ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, అయ్యాక బీఎస్‌ఎన్ అనే నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ ఆన్‌లైన్‌లో, చాలాసార్లు ఆసుపత్రి వాళ్ల ఖర్చు మీదే చెయ్యొచ్చు, ఇప్పుడు దాని గురించి టెన్షన్ పడకు. ఎన్‌క్లెక్స్ గురించి అసలే పడకు. నేను రాసినప్పుడు పాసో ఫెయిలో తేలేదాకా 75 నుంచి 265 ప్రశ్నలు, ఇప్పుడు 85 నుంచి 150. నాకు 75కే కంప్యూటర్ ఆగిపోతే ఫెయిలయ్యాననుకుని పార్కింగ్ లాట్‌లో గంటసేపు ఏడ్చాను. రెండు రోజుల తర్వాత పాసని తెలిసింది.

స్టెతస్కోపు కొనకు. నా పాత లిట్‌మన్ ఇంకా బానే పనిచేస్తోంది, ట్యూబు మీద నా పేరు గీకి ఉంటుంది, ఏమీ అనుకోకు. జూలై మొదటి శనివారం తెస్తాను, ఆ రోజు వంట అల్లుడుగారే చెయ్యాలి. సోమవారం పొద్దున్నే క్లినిక్‌కి ఫోన్ చేసి క్వాంటిఫెరాన్ రక్తపరీక్షకి టైం తీసుకో.

మీ పిన్ని